దారి ప్రక్కన పండిన పండు ఎవరిది?



వేసవి సెలవులలో మన సంఘముల యౌవనస్థులు కొండలకు వెళ్ళి రావడము ఈ కాలములో పరిపాటి అయినది. మహారాష్ట్రలో స్థిరపడినవారి పిల్లలు సహ్యాద్రి కోటలెక్కుతారు. కర్ణాటకలోనివారు కుద్రేముఖ్ వైపునకు, తమిళనాడులోనివారు ఏర్కాడునకు, నీలగిరులకు వెళ్తారు. ఒడిశాలోనివారికి కొరాపుట్ జిల్లాలో దేవమాలి శిఖరమున్నది. యానాములోనివారు గోదావరి ఎగువకు పాపికొండల దాకా పోయి వస్తారు. దీనిని వారు ట్రెక్కింగ్ అంటున్నారు. మన తరములో దీనికి ప్రత్యేకముగా పేరు లేదు. ఊరి నుండి ఊరికి పోవుటకు అదే దారి గనుక నడిచేవారము.

ఆ దారుల వెంబడి పండ్లుంటాయి. ఏప్రిల్ నుండి జూన్ వరకు కలే పండ్లు, వాక్కాయలు, నేరేడు, ఈత, తునికి. చలికాలములో రేగు, పరికి, ఉసిరి. కొండ మీదికి పోయినవారు వాటిని చూచి ఊరకుండలేరు. నోటిలో వేసికొంటారు, జేబులో వేసికొంటారు, తరువాత సంచి తీస్తారు.

ఒక యౌవనస్థుల కూడికలో ఈ విషయము మీద ఒక అబ్బాయి నన్ను అడిగిన ప్రశ్న ఇది: "మాస్టారూ, ఆ చెట్లను ఎవరూ నాటలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు, కంచె వేయలేదు. అటువంటి పండ్లు కోసికొంటే అది దొంగతనమవుతుందా?" నేను జవాబు చెప్పకముందే మరి ముగ్గురు చెప్పారు. సొంతదారు లేడు గనుక దొంగతనము కాదని ఒకరన్నారు. అడవి అంతయు ప్రభుత్వానిది గనుక ఒక్క కాయ ముట్టినా తప్పేనని మరొకరన్నారు. దేవుడు అందరికీ ఇచ్చినాడు గనుక ఎవరికి దొరికితే వారిదేనని మూడవ అమ్మాయి అన్నది.

ముగ్గురి మాటలోను కొంత నిజమున్నది, కాని ముగ్గురూ త్వరపడినారు. ప్రశ్న చిన్నదిగా కనబడుతున్నది, విలువ పది రూపాయలు కూడ చేయని పండ్లను గూర్చినది. అయితే నీటిని గూర్చి, చేపలను గూర్చి, మేత భూమిని గూర్చి, ఇసుకను గూర్చి మనుష్యులు ఎప్పుడూ అడుగుతున్న ప్రశ్న కూడ ఇదే. కాబట్టి నిదానముగా ఆలోచించుదము.

సొంతదారు లేని వస్తువు

ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో ప్రచురించిన రాజ్యపాలనా గ్రంథములో సరిగా ఇటువంటి ఉదాహరణనే తీసికొన్నాడు. ఓక్ చెట్టు క్రింద గింజలు ఏరుకొన్నవాడు, అడవిలో ఆపిల్ పండ్లు కోసికొన్నవాడు వాటికి ఎప్పుడు సొంతదారు అవుతాడని అడిగినాడు. తిన్నప్పుడా? వండినప్పుడా? ఇంటికి తెచ్చినప్పుడా? వంగి ఏరిన ఆ క్షణముననే అని ఆయన జవాబు. ఆ పండు మీద అతని శ్రమ కలిసినది గనుక అది అతనిదైనది. లోకములోని వారందరి అనుమతి కోసము ఆగవలసి వస్తే, సమృద్ధి నడుమనే మనుష్యుడు ఆకలితో చస్తాడు గదా అన్నది ఆయన వాదము.

మన అబ్బాయి మాటకు ఇది గట్టి ఆధారముగా కనబడవచ్చును. అయితే లాక్ అక్కడితో ఆగలేదు. రెండు హద్దులు పెట్టినాడు. ఒకటి, నీవు తీసికొన్న తరువాత ఇతరులకు చాలినంత, అంత మంచిది, మిగిలి ఉండవలెను. రెండు, పాడైపోకముందు నీవు వాడుకొనగలిగినంత మాత్రమే తీసికొనవలెను. నీ దగ్గర కుళ్ళిపోయినది నీది కాదు, ఇతరుల వాటా.

ఈ రెండు హద్దులను కలే పండ్ల సంచికి అన్వయించి చూడండి. కలే పండు తెంపినప్పుడు తొడిమ దగ్గర పాలు కారుతుంది. పండినది మెత్తన, ఒకదాని మీద ఒకటి వేస్తే నలుగుతుంది. ప్లాస్టిక్ సంచిలో వేసి, ఎండలో కొండ దిగి, బస్సులో నాలుగు గంటలు ప్రయాణము చేసి ఇల్లు చేరేసరికి అడుగున ఉన్నవి ముద్ద అయి పులిసి ఉంటాయి. అంటే సంచిలో సగము ఎవరూ తినలేదు. పక్షి తినలేదు, పేదవాడు తినలేదు, కోసినవాడూ తినలేదు. సొంతదారు లేని వస్తువును గూర్చి ఎంత ఉదారముగా వాదించినా, ఈ సగమును సమర్థించే వాదము నాకు కనబడలేదు.

చేయి, పాత్ర

మన బైబిలు చదువరులకు ఇందుకు సంబంధించిన ఒక పాత నియమము తెలిసియే యుండును. ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయము చివర రెండు వచనములలో పొరుగువాని ద్రాక్షతోటను, పంటచేనును గూర్చిన ఆజ్ఞ ఉన్నది. దారిని పోయేవాడు తోటలో ప్రవేశించి కడుపునిండ తినవచ్చును, కాని పాత్రలో వేసికొనకూడదు. చేనిలో వెన్నులు చేతితో త్రుంచుకొనవచ్చును, కాని కొడవలి వేయకూడదు.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. ఆ తోటకు సొంతదారు ఉన్నాడు. అతడు నాటినాడు, కాపలా కాచినాడు. అయినప్పటికీ బాటసారి ఆకలికి అతని హక్కు కొంత త్రోవ ఇచ్చినది. అదే సమయములో బాటసారి ఆకలికి కూడ ఒక కొలత ఉన్నది. ఆ కొలత ఎంత? అతని కడుపు, అతని చేయి. చేతితో కోసి నోటిలో వేసికొనేవాడు ఎంత ఆశగలవాడైనా కొంతసేపటికి ఆగుతాడు. పాత్ర ఆగదు. ఒకటి నిండితే రెండవది తేవచ్చును. కొడవలికి అసలే కడుపు లేదు. నియమము చెప్పినవారు తూకములు పెట్టలేదు, కాపలావానిని నియమించలేదు. మనుష్యుని శరీరమునే కొలతగా పెట్టినారు. బడిలో పిల్లలకు పాఠము చెప్పి వచ్చినవాడిగా నేను దీనిని చాల మంచి బోధనా పద్ధతి అంటాను. పది సంవత్సరముల పిల్లవాడు కూడ మరచిపోలేని కొలత ఇది.

ఆధునిక చట్టములలో కూడ దీనికి దగ్గరగా ఒకటి ఉన్నది. ఇంగ్లండులో 1968లో చేసిన దొంగతనముల చట్టము ప్రకారము, ఎవరి భూమిలోనైనను దానంతట అదే పెరిగిన మొక్క నుండి పువ్వులు, పండ్లు, ఆకులు కోసినవాడు దొంగ కాడు. అయితే అమ్మకము కోసము, లాభము కోసము కోసినయెడల ఆ మినహాయింపు వర్తించదు. పొదల వెంబడి నడుస్తూ బ్లాక్‌బెర్రీ పండ్లు ఏరుకొని తినే కుటుంబమును ఆ చట్టము ఏమీ అనదు. బండి తెచ్చి నింపుకొని సంతకు తోలేవానిని మాత్రము అడుగుతుంది.

ఇంతవరకు సులభముగానే ఉన్నది. చేతి కొలత మంచిది, పాత్ర కొలత అనుమానించదగినది. తినుటకైతే సరి, అమ్ముటకైతే తప్పు. ఈ లెక్క మన దేశపు కొండల మీదికి తెచ్చి చూచినప్పుడు మాత్రము తలక్రిందులవుతున్నది.

ఎవరి బ్రదుకు దాని మీద ఉన్నది?

ముంబయి పూణె రైలు దారిలో ప్రయాణము చేసినవారు మే మాసములో ఒక దృశ్యము చూచి ఉంటారు. కర్జత్, లోణావళా ప్రాంతములలో కాత్కరీ, ఠాకర్ మొదలైన గిరిజన స్త్రీలు ఆకుదొప్పలలో నల్లని కరవంద పండ్లు, జాంభూళ్ పండ్లు పెట్టుకొని అమ్ముతారు. కరవంద అంటే మన వాక్కాయ జాతి పండే. జాంభూళ్ మన నేరేడే. వారు తెల్లవారకముందే ముళ్ళ పొదలలో చేతులు గీచుకొని కోసి, బుట్ట నెత్తిన పెట్టుకొని దిగి వస్తారు. ఆ నాలుగైదు వారములే ఆ పండ్ల కాలము. కూలి పనులు తక్కువగా ఉండే రోజులలో, వానలు మొదలుకాక పూర్వము, ఇంట్లో బియ్యము కొనుటకు అవి పనికివస్తాయి.

ఇప్పుడు ఇంగ్లండు చట్టము చెప్పిన లెక్క ఇక్కడ పెట్టండి. ఆ స్త్రీ అమ్మకము కోసము కోసినది గనుక తప్పు చేసినది. సరదాకు సంచి నింపుకొన్న మన పిల్లవాడు తప్పు చేయలేదు! మన మనస్సాక్షి దీనికి ఒప్పుకొంటుందా? ఒప్పుకొనదు.

మన దేశపు చట్టము కూడ ఒప్పుకొనలేదు. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టము షెడ్యూల్డు తెగలవారికి, తరతరములుగా అడవి మీద ఆధారపడిన ఇతరులకు, తాము సంప్రదాయముగా సేకరిస్తున్న చిన్న అటవీ ఫలసాయము మీద యాజమాన్యపు హక్కును గుర్తించినది. సేకరించుటకు, వాడుకొనుటకు, అమ్ముకొనుటకు కూడ వారికి హక్కున్నది. తేనె, లక్క, తునికాకు, ఔషధ మొక్కలు, దుంపలు మొదలైనవన్నియు అందులో చేరుతాయి. అంతకు పూర్వమే 1996 నాటి పెసా చట్టము షెడ్యూల్డు ప్రాంతములలో ఈ ఫలసాయమును గ్రామసభలకు అప్పగించినది. కాబట్టి సొంతదారు లేడన్న మాట ఇప్పుడు చాల అడవులలో నిజము కాదు. ఉన్నాడు, కంచె వేయలేదు, అంతే.

ఇంగ్లండు చట్టము అమ్మకమును అడ్డగించినది, మన చట్టము అమ్ముకొనే హక్కు ఇచ్చినది. ఇవి రెండును ఒకదానికొకటి విరోధమా? పైకి విరోధమే. లోపల రెండింటిలోను ఒకే ప్రశ్న ఉన్నది: ఎవరి బ్రదుకు దీని మీద ఉన్నది? అక్కడ అమ్మకమంటే పరుల భూమి నుండి లాభము తీయుట. ఇక్కడ అమ్మకమంటే పూట గడచుట. కనుక అమ్మినాడా లేదా అన్నది అసలు కొలత కాదు. ఈ పండు లేకపోతే ఎవరికి ఏమి తక్కువ అవుతుందన్నదే కొలత. నాకు తక్కువయ్యేది ఒక సాయంకాలపు సరదా. ఆమెకు తక్కువయ్యేది ఆ రోజు బియ్యము.

కర్ణాటకలోనివారికి దగ్గరి ఉదాహరణ బిళిగిరి రంగన కొండలు. అక్కడి సోలిగలు తరతరములుగా ఉసిరికాయలు, తేనె, చీపురు గడ్డి, పాచి సేకరించి బ్రదికినవారు. వన్యప్రాణి చట్టమును బట్టి అమ్మకము కోసము సేకరించుట ఆగిపోయిన సంవత్సరములలో వారి రాబడి చాల దెబ్బ తిన్నది. 2011లో అక్కడి గ్రామసభలకు సాముదాయక అటవీ హక్కులు గుర్తింపబడినవి. పులుల అభయారణ్యములో అటువంటి గుర్తింపు దొరకడము అప్పటికి క్రొత్త సంగతి. ఆ కొండ మీద మనము తెంపే ఉసిరికాయ వెనుక ఇంత చరిత్ర ఉన్నదని నడిచేవానికి తెలియకపోవచ్చును. తెలిసికొనవలసిన బాధ్యత మాత్రము ఉన్నది.

ఇది మన దేశములోనే పుట్టిన తగాదా కాదు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు కొండలలో హకుల్‌బెర్రీ అనే పండు యకామా తెగవారికి ఆహారము, ఆరాధనలో భాగము కూడ. 1930 తరువాతి ఆర్థిక మాంద్యములో పని పోయిన ప్రజలు వేల సంఖ్యలో ఆ కొండలెక్కి పండ్లు కోసినారు. వారు కూడ ఆకలిగొన్నవారే. వారిని దొంగలనుట న్యాయము కాదు. అయితే తెగవారికి పండు లేకుండ పోవుచుండెను. 1932లో తెగ పెద్ద విలియం యాలప్, అటవీ అధికారి బ్రుకార్ట్ కలిసి మాట్లాడుకొని, కొంత భాగము తెగవారికే విడువవలెనని చేతిలో చేయి వేసికొని ఒప్పందము చేసికొన్నారు. ఆకలి ఇరువైపుల ఉన్నప్పుడు కూడ మనుష్యులు కూర్చుండి హద్దు గీయగలరని ఇందువలన తెలియుచున్నది.

ఫిన్లాండు దేశములో మరొక రీతి. అక్కడ ఎవరి అడవిలోనైనను ఎవరైనను పండ్లు ఏరవచ్చును, అమ్ముకొనవచ్చును కూడ. వినుటకు ఎంతో మంచి ఆచారము. కాని పండ్ల కంపెనీలు థాయ్‌లాండు నుండి పేద కూలీలను అప్పుల మీద రప్పించి, ఏరించి, చివరకు వారి చేతిలో ఏమీ మిగలకుండ చేసిన సంగతులు బయటపడినవి. అటువంటి ఒక కేసులో యజమాని చేసినది మనుష్యుల అక్రమ రవాణాయే అని 2022లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినది. అందరికీ తెరచిన తలుపులో ముందుగా దూరేది ఎప్పుడూ పేదవాడే కాదు. కొన్నిసార్లు పేదవాని భుజము మీద ఎక్కి డబ్బుగలవాడు దూరుతాడు. బ్రదుకు తెరువు కోసము ఊరు విడిచి వచ్చినవారి సంతతి మనము. గనులకు, మిల్లులకు, రైల్వేలకు మన తాతలు ఎవరి అప్పు మీద వచ్చినారో జ్ఞాపకమున్నవారికి ఈ సంగతి వేరుగా వివరించనక్కరలేదు.

నేను తీసికొనకపోతే ఇంకొకడు తీసికొనడా?

కూడికలో రెండవసారి లేచిన ప్రశ్న ఇది. ఇది బలమైన ప్రశ్న. నేను వదలిన పండు పక్షికో పేదరాలికో చేరుతుందని నమ్మకమేమి? నా వెనుక వచ్చే జట్టు దానిని కోసుకొని పోదా?

సారపప్పు చెట్టు కథ దీనికి సమాధానము చెప్పుతుంది. మొర్రి చెట్టు అని కూడ అంటారు. దాని చిన్న పండ్లు తీయగా ఉంటాయి, లోపలి పప్పు మిఠాయిలలో వేస్తారు, ధర ఎక్కువ. మధ్య భారతపు అడవులలోను, ఒడిశాలోను పండు పూర్తిగా పండుటకు ముందే దానిని కోసివేయుట పెద్ద సమస్య అయినది. కోసేవారికి అది పచ్చిదని తెలియదా? బాగుగా తెలుసు. పండిన తరువాత పప్పు బరువు ఎక్కువ, ధర ఎక్కువ అని కూడ తెలుసు. అయినను ఆగరు, ఎందుకంటే ఆగినవానికి ఏమీ మిగలదు. పొరుగువాడు కోస్తాడన్న భయముతో ఇతడు ఒక వారము ముందు కోస్తాడు. ఇతని భయముతో పొరుగువాడు రెండు వారములు ముందు కోస్తాడు. కొమ్మలు కూడ నరుకుతారు. చివరకు అందరికీ తక్కువ డబ్బు, నేలకు విత్తనము లేదు, పిల్ల మొక్క లేదు. ఒక్కడు కూడ చెడ్డవాడు కానక్కరలేదు, అందరూ కలిసి చెట్టును పోగొట్టుకొంటారు.

అమెరికా శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో ఉమ్మడి వనరుల గతి ఇంతే అని వ్రాసినాడు. చాలమంది అది తిరుగులేని మాట అనుకొన్నారు. అయితే ఎలినార్ ఆస్ట్రం అనే ఆమె అనేక దేశములలోని పల్లెల లెక్కలు చూచి, అలా కాదని 1990లో తన గ్రంథములో చూపించినది. 2009లో ఆమెకు నోబెల్ బహుమానము వచ్చినది. అర్థశాస్త్రములో ఆ బహుమానము పొందిన మొదటి స్త్రీ ఆమె. ఆమె చెప్పిన ఉదాహరణలలో స్విట్జర్లాండులోని టోర్బెల్ అనే పల్లె ఒకటి. అక్కడ కొండ మీది మేత భూమి ఊరందరిది. 1517 నుండి అక్కడ ఒక కట్టుబాటు ఉన్నది: చలికాలములో తన కొట్టములో ఎన్ని ఆవులను మేపగలడో అన్నింటినే వేసవిలో కొండ మీదికి తోలవలెను. మళ్ళీ చూడండి, తూకపురాయి లేదు. మనుష్యుని స్వంత శక్తియే కొలత.

ఆస్ట్రం చూపినది ఇది: ఒకరినొకరు ఎరిగినవారు, కూర్చుండి మాట్లాడుకొనేవారు, మాట తప్పినవానిని సున్నితముగానైనా అడిగేవారు ఉన్నచోట ఉమ్మడి సొత్తు నిలుస్తుంది. ఆ రోజు మాత్రమే వచ్చి పోయే అపరిచితుల చేతిలో నిలువదు. కొండ నడకకు వచ్చిన మనము సరిగా ఆ అపరిచితులమే. మన వెనుక వచ్చే జట్టును మనము ఆపలేము, నిజమే. కాని మన జట్టు ఒక సంఘము. ఒకరినొకరము ఎరిగినవారము. ఇరవైమంది యౌవనస్థులు ఒక కొలత పెట్టుకొంటే, కనీసము ఆ ఇరవై సంచులు ఆగుతాయి. ఇంకొకడు చేస్తాడన్న మాట అతని తప్పును చూపుతుందే గాని నా చేతిని విడిపించదు.

మిగిలినది వ్యర్థమా?

ఎంత కోసినా ఇంకా ఎన్నో రాలి కుళ్ళుతున్నాయి గదా అని కొందరంటారు. నేరేడు చెట్టు క్రింద నడిచినవారికి ఈ మాట నిజమనిపిస్తుంది. నేలంతా ఊదారంగు, కాలు పెట్టుటకు చోటుండదు. రాలినది ఏరుకొనుటకు నేను అడ్డు చెప్పను.

అయితే రాలినదంతయు వ్యర్థమని మనమనుకొనుట మన లెక్క. ఎలుగుబంటికి రేగు, నేరేడు, కలే, రేల కాయలు ముఖ్యమైన ఆహారము. పునుగు పిల్లి, గబ్బిలము, పికిలిపిట్ట, నక్క కూడ ఆ పండ్లను తిని గింజలను దూరముగా విడిచిపెడతాయి. అడవి తన్ను తాను నాటుకొనే విధానము అది. కోసి తెచ్చి పట్టణపు చెత్తకుండీలో ఉమ్మిన గింజ మొలకెత్తదు. నిర్గమకాండము 23వ అధ్యాయములో ఏడవ సంవత్సరపు పొలమును గూర్చిన ఆజ్ఞలో, బీదలు తిన్న తరువాత మిగిలినది అడవి మృగములకు అని వరుస ఏర్పరచబడినది. మృగమునకు కూడ వాటా వ్రాసిన ఆ ధర్మశాస్త్రమును చదువుచున్న మనము, మనకు చిక్కనిది వ్యర్థమని అనరాదు.

ఇంకొక సంగతి. 19వ శతాబ్ది ఆరంభములో అలంకారము కోసము మన దేశమునకు తెచ్చిన లాంటానా ఇప్పుడు ఎన్నో కొండలను ఆక్రమించినది. అది దట్టముగా పెరిగినచోట మన పాత పొదలు సన్నగిల్లుతాయి. కనుక మన తాతల కాలములో ఎంత కోసినా తరగని పండు అన్న జ్ఞాపకమును బట్టి ఈ నాటి కొండను లెక్కవేయకూడదు.

అయితే అసలు ముట్టకూడదా?

ఇంత చదివిన తరువాత, పిల్లలను పొదల దగ్గరకే పోనీయకుండుట మేలు అని ఎవరైనా అనుకొనవచ్చును. నా అభిప్రాయము అది కాదు.

పట్టణములో పుట్టిన మూడవ తరము మన పిల్లలకు పండు అంటే తోపుడు బండి మీదనో, అంగడిలోనో కొన్నది. ముల్లు తప్పించి ఒక కలే పండు తన చేతితో కోసి, నాలుక మీద ఆ వగరు, ఆ పులుపు, ఆ తీపి తెలిసికొన్న పిల్లవానికి కొండ మీద ఒక ప్రేమ పుడుతుంది. ఆ పొదను రేపు ఎవరో తగులబెడుతుంటే వాడు అడుగుతాడు. ఎన్నడూ రుచి చూడనివాడు అడుగడు. రుచి చూచుట కూడ ఒక విద్యయే. పైగా ఆ పండు పేరు చెప్పుకొనుటలో మన భాష నిలుస్తుంది. మనము రేగు అన్నది తమిళులకు ఇలందై, మరాఠీలకు బోర్, ఒడియావారికి బరకోలి. నేరేడును కన్నడిగులు నేరళె అంటారు. రెండు పేర్లు తెలిసిన పిల్లవాడు రెండు ఊళ్ళ బిడ్డ. బలుసు, పరికి, కలే అన్న పేర్లు మన ఇళ్ళలో ఇప్పటికే ఒకరిద్దరు ముసలివారికి తప్ప తెలియవు.

ఇక్కడ పెద్దల బాధ్యత మరొకటి ఉన్నది. తెలియని పండు నోటిలో పెట్టరాదని గట్టిగా చెప్పవలెను. చూచుటకు ముచ్చటగా ఉన్న గురిగింజలో ప్రాణము తీసే విషమున్నది. ఉమ్మెత్త కాయ విషము. లాంటానా పచ్చికాయలు అపాయము. పక్షి తిన్నది గనుక మనమూ తినవచ్చుననుట పొరబాటు. నూటికి నూరు పాళ్ళు గుర్తుపట్టగలిగిన పెద్దవారు ప్రక్కన ఉన్నప్పుడు మాత్రమే పిల్లలు కోయవలెను.

కాబట్టి అన్నియు తీసికొనుట ఒక తప్పు, ఏదియు ముట్టరాదనుట రెండవ తప్పు. నడుమ ఉన్న దారి ఏమిటో నాకు తోచినంతవరకు చెప్పుచున్నాను. మీ సంఘములలో చర్చించి సరిదిద్దుకొనండి.

మొదటిది: అభయారణ్యములలోను, జాతీయ వనములలోను 1972 నాటి వన్యప్రాణి చట్టము ప్రకారము అనుమతి లేక ఏదియు తీసివేయరాదు. అక్కడ ఒక్క గుప్పెడు కూడ వద్దు. ఎవరు చూస్తారు అన్నది విశ్వాసి అడుగవలసిన ప్రశ్న కాదు.

రెండవది: అనుమతి ఉన్న మిగతా చోట్ల చేతి కొలత పాటించండి. నడుస్తూ తిన్నంత తినండి. సంచి తీయకండి. ఒకే పొదను ఖాళీ చేయకండి. కొమ్మ వంచి విరువకండి. పచ్చివాటిని కోయకండి.

మూడవది: ఊరు కనబడితే అడగండి. "అమ్మా, ఈ పండ్లు మీరు కోసుకొంటారా?" అని ఒక్క మాట. కోసుకొంటామంటే చేయి వెనుకకు తీసికొని, వారి దగ్గరనే కొనండి. కొనేటప్పుడు దొప్పకు ఐదు రూపాయలు తగ్గించమని బేరమాడకండి. హోటలులో అడిగినంత ఇచ్చి వచ్చి, ముళ్ళలో చేయి పెట్టిన ఆమె దగ్గర నేర్పరితనము చూపుట మనకు తగదు.

నాలుగవది: ఇంటి దగ్గర మంచమున ఉన్న పెద్దవారికి ఆ పండు రుచి చూపవలెననే కోరిక మంచిదే. దానికి ఒక దొప్ప చాలు. అది కొన్నదైతే మరీ మంచిది.

ఐదవది: ప్రయాణమునకు ముందు కూడికలోనే ఈ కొలతలను అందరూ కలిసి ఒప్పుకొనండి. కొండ మీద పండు కనబడిన తరువాత నియమము చేయుట ఆలస్యము.

లేవీయకాండము 19వ అధ్యాయములో పొలము అంచులను కోయకుండ, రాలిన పండ్లను ఏరకుండ బీదలకు, పరదేశులకు విడువవలెనని ఉన్నది. ఆ ఆజ్ఞను మనము చాలకాలము పరదేశుల స్థానములో ఉండి చదివినాము. మోయాబు నుండి వచ్చిన రూతు బెత్లెహేము పొలములో పరిగె ఏరుకొన్న కథ మనకు ప్రియమైనది, ఎందుకంటే మన అవ్వలలో అనేకులు అటువంటివారే. ఇప్పుడు దేవుని దయ వలన మనలో చాలమందికి ఉద్యోగములున్నవి, ఇండ్లున్నవి, సెలవులకు కొండలకు పోయే తీరిక ఉన్నది. ఇక ఆ ఆజ్ఞను పొలముగలవాని స్థానములో ఉండి కూడ చదువవలెను. అంచును విడువవలసినవారము ఇప్పుడు మనమే. మన చేతికందిన కొమ్మలో కొన్ని పండ్లను ఉద్దేశపూర్వకముగా విడిచి ముందుకు నడుచుట మన బిడ్డలకు నేర్పుదము.